హెపటైటిస్-బి ప్రచారం: భయం ఎక్కువ, సమాచారం తక్కువ

నవల వస్తే సమీక్ష రాస్తారు. సినిమా విడుదలైతే మర్నాటికల్లా విమర్శ వస్తుంది. లక్షల మంది చేతికి అందే ఆరోగ్య కరపత్రాన్ని మాత్రం ఎవరూ విమర్శించరు. బస్‌స్టాండు గోడమీద అంటించిన పోస్టరు, కాలేజీలో పంచిన కరపత్రం, ఆసుపత్రి వరండాలో వేలాడే బోర్డు కూడా రచనలే. వాటికీ ఒక భాష ఉంది, ఒక వాదన ఉంది, ఒక పాఠకుడున్నాడు. అవి తప్పుగా చెబితే, లేదా చెప్పవలసింది చెప్పకుండా వదిలేస్తే, ఆ నష్టం పాఠకుడి ఆరోగ్యానికే.

ఏటా జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుకుంటున్నాం. హెపటైటిస్-బి వైరస్‌ను గుర్తించడానికి దారిచూపిన అమెరికన్ శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ 1925లో పుట్టిన రోజది. 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి రక్తనమూనాలో ఆయన ఒక కొత్త ప్రొటీన్‌ను గమనించారు. దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టారు. అది హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ప్రొటీన్ అని తర్వాత తేలింది. ఈ కృషికి 1976లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ రోజున మన ఊళ్ళలో ర్యాలీలు జరుగుతాయి, సదస్సులు జరుగుతాయి, కరపత్రాలు పంచుతారు.

1990ల నుంచి మన దేశంలో ఈ జబ్బు గురించి వెలువడుతున్న ప్రచార సాహిత్యంలో పదే పదే కనిపించే కొన్ని ధోరణులను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఏదో ఒక సంస్థను వేలెత్తి చూపడం మన ఉద్దేశం కాదు. మన కొలబద్ద కూడా చాలా మామూలుది. చదివిన మనిషికి ఈ జబ్బు ఎవరికి, ఎప్పుడు, ఏ దారిన వస్తుందో తెలిసిందా? రాకుండా ఉండాలంటే తాను చేయవలసిన పని ఏమిటో అర్థమైందా?

కామెర్లు అనే మాటతో వచ్చిన తంటా

మన కరపత్రాల్లో చాలావాటి మీద మొదట కనిపించేది పసుపు పచ్చని కళ్ళ బొమ్మ. దాని కింద హెపటైటిస్ అంటే కామెర్లు అని ఒక వివరణ. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

కామెర్లు ఒక లక్షణం మాత్రమే. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కళ్ళు, చర్మం, మూత్రం పచ్చబడతాయి. ఇలా జరగడానికి కారణాలు అనేకం. హెపటైటిస్ అంటే కాలేయపు వాపు. దాన్ని కలిగించే వైరస్‌లలో ముఖ్యమైనవి ఐదు: ఎ, బి, సి, డి, ఇ. వీటిలో ఎ, ఇ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి, డి రక్తం, ఇతర శరీర ద్రవాల ద్వారా వస్తాయి. ఈ రెండు గుంపులకూ నివారణ మార్గాలు పూర్తిగా వేరు.

ఒక ఉదాహరణ చూడండి. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీలో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. మురుగునీరు తాగునీటి సరఫరాలో కలవడమే కారణం. ఆనాడు దాచిన రక్తనమూనాలను చాలా ఏళ్ళ తర్వాత పరీక్షించి, అది నేడు మనం హెపటైటిస్-ఇ అంటున్న జబ్బని నిర్ధారించారు. అలాంటి కామెర్లకు నీళ్ళు కాచి తాగమనడం సరైన సలహా. కానీ హెపటైటిస్-బికి ఆ సలహా ఏ మాత్రం పనికిరాదు. ఎంత కాచిన నీళ్ళు తాగినా, మరొకరికి వాడిన సూది గుచ్చితే ఆ వైరస్ రాక మానదు.

తెలుగులో ఈ జబ్బులన్నిటికీ కలిపి ఒకే మాట ఉండడంతో, కరపత్రం రాసేవారు కూడా సలహాలన్నిటినీ ఒకే కుండలో వేసి కలిపేస్తున్నారు. చేతులు కడుక్కోండి, ఈగలు వాలిన తినుబండారాలు తినకండి, రక్తపరీక్ష చేయించుకోండి అని వరసగా రాస్తారు. ఇవన్నీ మంచి సలహాలే. అయితే ఏది ఏ జబ్బుకు అన్నది పాఠకుడికి తెలియదు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. పసిపిల్లలకు, చిన్నపిల్లలకు హెపటైటిస్-బి సోకినప్పుడు ఎక్కువమందిలో ఏ లక్షణమూ కనిపించదు. పెద్దవారిలోనూ చాలామందికి కళ్ళు పచ్చబడవు. వైరస్ కాలేయంలో 20, 30 ఏళ్ళు మౌనంగా ఉండి, చివరికి సిరోసిస్‌గానో, కాలేయ కాన్సర్‌గానో బయటపడవచ్చు. పచ్చని కళ్ళ బొమ్మ చూసిన పాఠకుడు అద్దంలో తన కళ్ళు చూసుకుంటాడు. అవి తెల్లగా ఉన్నాయి కాబట్టి తనకేమీ లేదనుకుంటాడు. అతన్ని జాగ్రత్తపరచవలసిన బొమ్మే అతనికి లేని భరోసా ఇచ్చి పంపిస్తోంది.

వంద రెట్లు – దేనికి వంద రెట్లు?

“ఎయిడ్స్ కంటే వంద రెట్లు వేగంగా వ్యాపించే జబ్బు” అన్న వాక్యం మీలో చాలామంది చదివే ఉంటారు. హెపటైటిస్-బి మీద వచ్చిన కరపత్రాల్లో దీనికి ఉన్నంత ప్రచారం మరే వాక్యానికీ లేదు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. కానీ సగం వాక్యమే. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఆసుపత్రుల్లో నర్సులకు, డాక్టర్లకు, ప్రయోగశాల సిబ్బందికి రోగికి వాడిన సూది పొరపాటున గుచ్చుకోవడం మామూలే. అలా ఒకసారి గుచ్చుకుంటే జబ్బు సోకే అవకాశం ఎంత? రోగికి హెచ్.ఐ.వి. ఉంటే సుమారు 0.3 శాతం. రోగికి హెపటైటిస్-బి ఉండి, సూది గుచ్చుకున్న మనిషి టీకా వేయించుకోకపోతే 6 నుంచి 30 శాతం. ఈ 30ని 0.3తో భాగిస్తే 100 వస్తుంది. వంద రెట్లు అంటే ఇదీ లెక్క.

ఈ లెక్కలో మూడు షరతులు దాగి ఉన్నాయి. ఒకటి, ఇది సూది గుచ్చుకున్నప్పటి సంగతి. పక్క బెంచీలో కూర్చున్నప్పటి సంగతి కాదు. రెండు, 6 నుంచి 30 అన్న అంకెల్లో పెద్ద అంకెనే తీసుకున్నారు. రోగి రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉన్నప్పుడే అంత ప్రమాదం. మూడు, టీకా వేయించుకుని రక్షణ పొందిన వారికి ఈ ప్రమాదం దాదాపు లేనట్టే. ఈ మూడూ తీసేసి ‘వంద రెట్లు’ అని మాత్రమే రాస్తే, చదివినవాడు కరచాలనానికి కూడా భయపడతాడు. నిజానికి కలిసి భోంచేయడం, కౌగిలించుకోవడం, దగ్గడం, తుమ్మడం వల్ల హెపటైటిస్-బి సోకదు.

1990ల చివర్లో టీకా శిబిరాలు ఊరూరా జరిగిన రోజుల్లో ఇంకో నినాదం వినిపించేది. ఎయిడ్స్ ఏడాదిలో చంపేవారికంటే హెపటైటిస్-బి ఒక్కరోజులో చంపేవారే ఎక్కువ అని. దీన్ని సరిచూడడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో హెపటైటిస్-బి వల్ల ప్రపంచం మొత్తంమీద సుమారు 11 లక్షల మంది మరణించారు. అంటే రోజుకు సుమారు 3 వేల మంది. అదే ఏడాది ఎయిడ్స్ సంబంధిత మరణాలు సుమారు 6 లక్షల 30 వేలు. నినాదం నిజం కావాలంటే హెపటైటిస్-బి మరణాలు ఇప్పుడున్నదానికి 200 రెట్లకు పైగా ఉండాలి. ఎయిడ్స్ మరణాలు లక్షల్లో ఉన్న 1990లలోనూ ఈ నినాదం నిలిచేది కాదు.

ఏడాదికి 11 లక్షల మరణాలు అన్న నిజం తక్కువదా? దాన్ని ఉన్నదున్నట్టు చెబితే చాలు. దానికి లేనిపోని హంగులు చేర్చడంవల్ల కీడే జరిగింది. లెక్క తప్పని తెలుసుకున్న పాఠకుడు ఆ కరపత్రంలోని నిజాలను కూడా నమ్మడం మానేస్తాడు.

కరపత్రాలు వదిలేసిన అసలు సంగతి

హెపటైటిస్-బి గురించి ఒకే ఒక్క విషయం చెప్పే అవకాశం ఉంటే ఏది చెప్పాలి? నా దృష్టిలో, వైరస్ ఏ వయసులో సోకింది అన్నదాన్ని బట్టే తర్వాతి కథ ఉంటుందన్న విషయం చెప్పాలి.

ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి ఈ వైరస్ సోకితే, 100 మందిలో 95 మందికి పైగా కొన్ని నెలల్లో దాన్ని శరీరం నుంచి తరిమేస్తారు. 5 మంది కంటే తక్కువ మందిలోనే అది శాశ్వతంగా ఉండిపోతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు సోకితే సుమారు 30 శాతం మందిలో ఉండిపోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకితే 90 శాతం మందిలో ఉండిపోతుంది. పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఆ వైరస్‌ను శత్రువుగా గుర్తించి పోరాడే స్థితిలో ఉండదు. అందుకే లక్షణాలూ కనిపించవు, వైరస్ కూడా వెళ్ళిపోదు. సిరోసిస్, కాలేయ కాన్సర్ వంటి పెద్ద ప్రమాదాలు ప్రధానంగా ఇలా దీర్ఘకాలం వైరస్‌తో జీవించేవారికే వస్తాయి.

కాబట్టి అందరికంటే ముందు రక్షించవలసింది అప్పుడే పుట్టిన బిడ్డను. ఆ రక్షణకు గడువు 24 గంటలు. కాన్పు సమయంలో తల్లి రక్తం ద్వారా వైరస్ బిడ్డ ఒంట్లోకి చేరినా, అది కాలేయంలో స్థిరపడి పెరగడానికి వారాలు పడుతుంది. ఈలోగా టీకా వేస్తే బిడ్డ శరీరంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఈ పరుగుపందెంలో టీకా ముందుండాలంటే ఆలస్యం చేయకూడదు. ఆరో వారంలో వేసే మొదటి పెంటావేలెంట్ టీకాలో హెపటైటిస్-బి టీకా కూడా ఉంటుంది కదా, అప్పుడు చూసుకుందాం అనుకుంటే, తల్లి నుంచి వచ్చే ప్రమాదానికి సంబంధించినంతవరకు సమయం మించిపోతుంది. మన జాతీయ కార్యక్రమంలో పుట్టిన 24 గంటల్లోపు ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావేలెంట్ రూపంలో మూడు డోసులు ఉన్నాయి.

ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. తైవాన్‌లో ఒకప్పుడు ఈ వైరస్ చాలా ఎక్కువగా ఉండేది. అక్కడ 1984 జూలైలో వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు, రెండేళ్ళ తర్వాత పుట్టిన బిడ్డలందరికీ టీకా వేయడం మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో కాలేయ కాన్సర్ 1981-86 మధ్య లక్షకు 0.70 ఉండగా, 1990-94 నాటికి 0.36కు తగ్గింది. ఈ ఫలితాలు 1997లో ప్రచురితమయ్యాయి. ఒక టీకా కాన్సర్‌ను తగ్గించిందనడానికి ప్రపంచంలో దొరికిన మొదటి గట్టి సాక్ష్యం ఇది.

ఇప్పుడు మీకు దొరికిన కరపత్రాన్ని తీసి చూడండి. 24 గంటలు అన్న మాట అందులో ఉందా? ఉంటే ఎక్కడ ఉంది? పచ్చని కళ్ళ పక్కన పెద్ద అక్షరాల్లో ఉందా, లేక చివరి వరుసలో టీకాల పట్టికలో ఇరుక్కుని ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో పుట్టిన బిడ్డల్లో 45 శాతానికే ఈ మొదటి డోసు సకాలంలో అందింది. మన దేశంలో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. బిడ్డా ఆసుపత్రిలోనే ఉంది, టీకా సీసా కూడా సాధారణంగా ఆ ఆవరణలోనే ఉంటుంది. అయినా ఒక్కోచోట, ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా విప్పితే మిగతాది వృథా అవుతుందేమోనని సిబ్బంది తటపటాయిస్తారు. సరిగా చల్లగా నిల్వచేస్తే, నిబంధనల ప్రకారం విప్పిన సీసాను 28 రోజుల వరకు వాడవచ్చు. ఈ సంగతి తెలిసిన తండ్రో, అమ్మమ్మో పక్కన ఉండి “బిడ్డకు హెపటైటిస్-బి టీకా వేశారా అమ్మా?” అని నర్సును అడిగితే చాలు. అలా అడగడం నేర్పేదే నిజమైన ప్రచారం.

టీకా కథలో రెండు పక్షాలు

ఇంత ముఖ్యమైన సంగతి ఎందుకు మరుగున పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వైరస్ ఉన్నవారి రక్తం నుంచి వేరుచేసిన ప్రొటీన్‌తో తయారైన మొదటి టీకాకు అమెరికాలో 1981లో అనుమతి లభించింది. 1986లో జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో చేసిన టీకా వచ్చింది. వైరస్ పైపొర ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును ఈస్ట్ కణాల్లో ప్రవేశపెట్టి, ఆ ప్రొటీన్‌ను వాటిచేత తయారు చేయిస్తారు. ఇందులో వైరస్ ఉండదు కాబట్టి టీకావల్ల జబ్బు రావడమన్న ప్రశ్నే లేదు. అయితే దిగుమతి చేసుకునే రోజుల్లో ఒక్కో డోసు వందల రూపాయలు పలికేది.

1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ‘షాన్‌వాక్-బి’ పేరుతో ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. తర్వాత మరికొన్ని సంస్థలు పోటీకి వచ్చాయి. ధర బాగా పడిపోయింది. తెలుగునేలమీద జరిగిన ఈ కృషిని మెచ్చుకోవలసిందే. కానీ ఆ రోజుల్లో ప్రభుత్వ టీకాల పట్టికలో హెపటైటిస్-బి లేదు. టీకా డబ్బు పెట్టి కొనుక్కునేవారికే అందేది. అందువల్ల ప్రచారం కూడా వారినుద్దేశించే నడిచింది. కాలేజీల్లో, ఆఫీసుల్లో, కాలనీ సంఘాల్లో శిబిరాలు పెట్టారు. పెద్దవారు క్యూ కట్టి టీకాలు వేయించుకున్నారు. అది తప్పు కాదు. అయితే అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆ క్యూలో నిలబడలేని పసిబిడ్డ. ఆ బిడ్డ గురించి నినాదం రాయవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

అదే కాలంలో కొందరు వైద్యులు ఈ ప్రచారాన్ని గట్టిగా విమర్శించారు. దేశంలో వైరస్ ఉన్నవారి సంఖ్యను ఎక్కువచేసి చెబుతున్నారని, జనాన్ని భయపెట్టి టీకా అమ్ముతున్నారని అన్నారు. నినాదాల విషయంలో వారి మాట న్యాయమైనదే. కానీ కొందరు అక్కడితో ఆగక, సామూహిక టీకా అవసరమే సందేహాస్పదమన్నారు. ప్రచారం అతిగా ఉంది కాబట్టి టీకా అనవసరం అనడం తర్కానికి నిలవదు. అమ్మేవాడు గొప్పలు చెప్పినంత మాత్రాన సరుకు చెడ్డదైపోదు. అతని గొప్పలను, సరుకు నాణ్యతను వేరువేరుగా పరీక్షించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే ఈ టీకాను అన్ని దేశాల జాతీయ కార్యక్రమాల్లో చేర్చమని కోరింది. మన దేశంలో 2002లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2007-08లో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. అంటే 2011 తర్వాత పుట్టిన పిల్లలకు ఈ టీకా ఉచితంగా పొందే హక్కు ఉంది. అంతకుముందు పుట్టినవారు తమ టీకా కార్డు ఒకసారి చూసుకోవాలి. వేయించుకోనివారు సాధారణంగా ఇప్పుడొకటి, నెలకొకటి, ఆరు నెలలకొకటి చొప్పున మూడు డోసులు వేయించుకోవచ్చు.

సూది గురించి మౌనం

జబ్బు వ్యాపించే దారుల జాబితాలో పచ్చబొట్టు, క్షురకుని కత్తి, ఇతరుల టూత్‌బ్రష్, అసురక్షిత లైంగిక సంబంధాలు తప్పకుండా ఉంటాయి. అవన్నీ నిజమే. కానీ ఈ జాబితా చదివితే తప్పంతా రోగిదే అనిపిస్తుంది. వైద్యం చేసేచోట జరిగే తప్పుల గురించి కరపత్రాలు చాలావరకు నోరు మెదపవు.

2009 మొదట్లో గుజరాత్‌లోని సాబర్‌కాంఠా జిల్లా మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి విరుచుకుపడి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. వాడేసిన సిరంజిలను, సూదులను మళ్ళీ వాడడమే కారణమని దర్యాప్తులో తేలింది. అక్కడ రోగులు చేసిన తప్పేమీ లేదు. జ్వరానికో, నొప్పికో డాక్టరు దగ్గరకు వెళ్ళారు, అంతే. ఈ వైరస్ శరీరం బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కంటికి శుభ్రంగా కనిపించే సూదిలో అది ఉండవచ్చు.

మనలో చాలామందికి సూది వేస్తేనే వైద్యం చేసినట్టు. మాత్రలు రాసిచ్చిన డాక్టరు కంటే ఇంజెక్షన్ వేసిన ఆర్.ఎం.పి. మీద గురి ఎక్కువ. ఈ అలవాటును ప్రశ్నించని కరపత్రం అసంపూర్ణమే. మాత్రతో పోయేదానికి సూది అడగవద్దని, సూది తప్పనిసరైతే మీ కళ్ళముందే కొత్త ప్యాకెట్ చించమని అడగండని రాయాలి. ఇది డాక్టరును అవమానించడం కాదు. మంచి డాక్టరు దీన్ని ఆహ్వానిస్తాడు.

పసరు మందు – ఒక పరిశోధన కథ

కామెర్లు అనగానే పసరు మందు గుర్తొస్తుంది. దీని గురించి కరపత్రాలు రెండు రకాలుగా తప్పుకుంటాయి. కొన్ని అసలు ప్రస్తావించవు. కొన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టిపారేస్తాయి. రెండింటివల్లా పాఠకుడి మనసు మారదు. ఎందుకంటే పసరు తాగి బాగుపడ్డవారిని అతను కళ్ళారా చూశాడు.

దానికి జవాబు ఇప్పటికే మనం చెప్పుకున్న అంకెల్లోనే ఉంది. హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పెద్దవారిలో హెపటైటిస్-బి కూడా 95 శాతం మందికి పైగా తగ్గిపోతుంది. ఆ సమయంలో ఏమి తాగినా, తాగిన దానికే పేరొస్తుంది. ఏమీ తాగనివారిలో ఎందరికి తగ్గిందో ఎవరూ లెక్కపెట్టరు.

మరి లెక్కపెడితే? నేల ఉసిరి విషయంలో ఆ పని జరిగింది. మద్రాసు శాస్త్రవేత్తలు వైరస్ ఉన్నవారికి 30 రోజులు నేల ఉసిరి ఇచ్చి, పోలిక కోసం మరికొందరికి మందు లేని గుళికలు ఇచ్చి చూశారు. నేల ఉసిరి తీసుకున్నవారిలో 59 శాతం మందిలో వైరస్ పైపొర ప్రొటీన్ కనిపించకుండా పోయింది. రెండో గుంపులో 4 శాతమే. ఈ పరిశోధన 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. సహరచయితల్లో బ్లూంబర్గ్ కూడా ఉన్నారు. ఆశలు చిగురించాయి. కానీ ఆ తర్వాత ఇతరచోట్ల జరిగిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఒకచోట వచ్చిన ఫలితం మరొకచోటా రావాలన్నది విజ్ఞానశాస్త్ర నియమం. ఎంత పెద్దవారు సంతకం చేసినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

మొదటి వార్త జనంలోకి వెళ్ళినంతగా రెండో వార్త వెళ్ళలేదు. నేటికీ 1988 నాటి ఫలితాన్ని మాత్రమే చెప్పి మందులు అమ్మేవారున్నారు. ఈ కథను పూర్తిగా చెబితే పాఠకుడు నొచ్చుకోడు. నేల ఉసిరిని మనవాళ్ళు పట్టించుకోలేదన్న ఫిర్యాదు కూడా తీరుతుంది. పట్టించుకున్నారు, పరీక్షించారు, అది నిలబడలేదు.

‘క్యారియర్’ అనే మనిషి

అనువాదకులకు తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఈ వైరస్‌తో దీర్ఘకాలం జీవించేవారిని ఇంగ్లీషులో క్యారియర్ అంటూ వచ్చారు. తెలుగులో దాన్ని ‘వాహకుడు’ అన్నారు. దోమను కూడా మనం వ్యాధి వాహకమే అంటాం. ఒక మనిషిని దోమల వరసలో నిలబెట్టే మాట ఇది. దానిపక్కన వాహకులవల్ల సమాజానికి ప్రమాదం వంటి వాక్యం చేరితే, ఆ మనిషి ఇక తన సంగతి ఎవరికి చెప్పుకోగలడు? ‘హెపటైటిస్-బి ఉన్నవారు’ అంటే సరిపోతుంది. అర్థంలో ఏ లోపమూ రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవారు సుమారు 2 కోట్ల 98 లక్షలు. ప్రపంచం మొత్తంలో 25 కోట్ల 40 లక్షలు. వీరిలో తమకు వైరస్ ఉందని తెలిసినవారు ప్రపంచవ్యాప్తంగా 13 శాతమే, చికిత్స పొందుతున్నవారు 3 శాతమే. కరపత్రం చదివేవారిలో వీరు కూడా ఉంటారు. కానీ మన ప్రచార సాహిత్యం వీరి గురించి మాట్లాడుతుందే తప్ప వీరితో మాట్లాడదు.

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్ళే యువకులను గుర్తుచేసుకోండి. వీసాకు ముందు జరిగే వైద్యపరీక్షల్లో హెపటైటిస్-బి పరీక్ష కూడా ఉంటుంది. పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’ అని రాస్తారు. తనకు వైరస్ ఉందని మొదటిసారి అలా తెలుసుకునేవారున్నారు. అప్పటికే అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టి ఉంటాడు. చేతిలో ఒక్క మాట ఉన్న కాగితం తప్ప వివరం చెప్పేవారు ఉండరు. ఆ యువకుడికి పనికొచ్చే సంగతులు ఇవి: పాజిటివ్ అంటే కాలేయం చెడిపోయిందని అర్థం కాదు. వైరస్ ఉన్నవారందరికీ మందులు అవసరం ఉండవు, కానీ క్రమం తప్పక పరీక్షలు అందరికీ అవసరం. అవసరమైనవారికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మాత్రలున్నాయి. ఇవి వైరస్‌ను చాలావరకు అణచి ఉంచి సిరోసిస్, కాన్సర్ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లోవారందరికీ పరీక్ష చేయించి, వైరస్ లేనివారికి టీకా వేయించాలి. భార్య గర్భవతి అయితే ఆమెకు పరీక్ష తప్పనిసరి. ఆమెకు కూడా వైరస్ ఉన్నట్టు తేలితే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి. మద్యం మానేయాలి.

ఇన్ని ఉపయోగకరమైన సంగతులు చెప్పవలసినచోట ‘ప్రాణాంతకం’ అన్న ఒక్క మాట రాసి ఊరుకుంటే ఏమవుతుంది? ఆ యువకుడు కాగితం దాచేస్తాడు. డాక్టరు దగ్గరకు వెళ్ళడు. పెళ్ళి సంబంధం తప్పిపోతుందని ఇంట్లోనూ చెప్పడు. భయం అతన్ని ఆసుపత్రికి పంపలేదు, ఆసుపత్రికి దూరం చేసింది.

మంచి కరపత్రం ఎలా ఉండాలి?

విమర్శించినవాడు మార్గం కూడా చూపాలి. మంచి కరపత్రం కామెర్లకు, హెపటైటిస్-బికి తేడా మొదటి వాక్యంలోనే చెప్పాలి. పుట్టిన 24 గంటల్లో టీకా అన్నది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏ దారుల్లో సోకుతుందో చెప్పినంత గట్టిగా ఏ దారుల్లో సోకదో కూడా చెప్పాలి. అంకె వాడితే అది దేనికి సంబంధించిన అంకెో చెప్పాలి. సూది గురించి అడిగే హక్కు రోగికి ఉందని గుర్తుచేయాలి. వైరస్ ఉన్నవారికోసం కనీసం పావుపేజీ కేటాయించి, వారిని ‘మీరు’ అని గౌరవంగా సంబోధించి, ఎక్కడికి వెళ్ళాలో రాయాలి. ఇవన్నీ ఒక కాగితానికి రెండు వైపులా పడతాయి.

విద్యార్థులు ఈ పనిలో పాలుపంచుకోవచ్చు. ఈసారి జూలై 28న మీ కాలేజీలోనో, స్కూల్లోనో పంచిన కరపత్రాన్ని పారేయకుండా ఇంటికి తీసుకెళ్ళండి. పైన చెప్పిన అంశాల్లో ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టండి. లేనివాటిని చేర్చి తిరిగి రాయండి. మీ ఉపాధ్యాయునికి, వీలైతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు చూపించి తప్పులుంటే దిద్దించండి. తర్వాత మీ వీధిలో నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇంటికి వెళ్ళి, ఆ ఒక్క 24 గంటల సంగతి చెప్పి రండి.